కాలని మంచు

నేను ఒక కరెంటు ఓవెన్‌ని. కేకులు కాల్చే పెట్టెని. ప్రస్తుతం నన్ను తడి దుప్పట్లో చుట్టి, దాని మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా రెండు వరసలు చుట్టి, అంచులన్నీ టేపుతో అంటించి ఒక ఇంటి ముందు పంచలో గోడకి ఆనించి పెట్టారు. పండగ వెళ్ళాక ఎవరో లారీ పంపిస్తారట. శవాన్ని కూడా ఇంత శ్రద్ధగా చుట్టరు. ఇన్నేళ్ళూ ఉత్త చేతులతో నన్ను తడిమి, గీకి, పొట్ట విప్పి, పొట్టలోది పీకి ఆడుకున్న మనుషులకి ఆఖరికి నన్ను ముట్టుకోవడానికి గ్లవుజులు కావలసివచ్చాయి. ఈ మర్యాదేదో మొదట్లోనే చూపించి ఉంటే ఇద్దరికీ బాగుండేది.

మనుషుల గురించి నాకు పెద్ద అభిప్రాయం లేదు. నా తలుపు తెరిచి లోపలికి వంగి చూసే ముఖమే నాకు తెలిసిన మానవజాతి. కళ్ళు చికిలించి, ముక్కులు ఎగబీల్చి, పొంగిందా లేదా అని చూసే ముఖం. కేకు పొంగితే వాళ్ళ చేతి చలవ. కుంగితే నా తప్పు.

నన్ను మద్రాసులో ఒక చిన్న వర్క్‌షాపులో తయారు చేశారు. బయట ఒక రేకు డబ్బా, లోపల ఒక రేకు డబ్బా, రెంటి మధ్యా బెత్తెడు సందు. ఆ సందులో ఉన్నదే అసలు నేను. రేకు ఎవరికైనా ఉంటుంది. నాది రాతినార, అందరూ ఆస్బెస్టాస్ అనే తెల్లటి నార. కడప జిల్లా గుట్టల్లో, రాళ్ళ మధ్య చారలు చారలుగా పుట్టాను. రాయిని పగలగొట్టి దువ్వితే దూదిలా విడిపోతాను. రాయి దూది కావడం చూసి మనుషులకి మతి పోయింది. అగ్గిలో వేసి చూశారు, కాలలేదు. ఇంకేముంది, నెత్తిన పెట్టుకున్నారు. ఒక వస్తువు కాలదంటే చాలు, మనుషులు దాన్ని పూర్తిగా నమ్మేస్తారు. కాలకుండా ఇంకేం చేస్తుందని అడగరు.

నా ముందువైపు ఒక ఇత్తడి బిళ్ళ బిగించారు. ఇంట్లో వాడకానికి పూర్తిగా భద్రమైనది అని దాని మీద ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది. ఆ అక్షరాలు చెక్కినవాడు నా ఎదురుగానే కూచున్నాడు. పక్కన కూలీలు నా నారని గుప్పిళ్ళతో సందులో కూరుతుంటే లేచిన ధూళికి తుమ్ముతూ, ముక్కు తుడుచుకుంటూ, భద్రమైనది అని చెక్కాడు. తుమ్ము వచ్చినప్పుడు ఒక అక్షరం కొంచెం వంకరపోయింది కూడా. ఆ వంకర ఇప్పటికీ ఉంది.

మొదట నన్ను కొన్నది రోడ్రిగ్స్ అనే ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు. నెల్లూరికి ఉత్తరాన, రైలు కట్ట పక్కన ఒక కాలనీలో ఉండేవాడు. ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడివాళ్ళు అదొక గొప్పగా చెప్పుకు తిరుగుతారు. ఆయన భార్య బెరిల్ దొరసాని చేసే క్రిస్మస్ కేకు ఆ కాలనీ అంతటికీ పేరుమోసింది. ఆ కేకు చేసేది నిజానికి వంటమనిషి సలోమి. పిండి కలిపేది సలోమి, పళ్ళు నానబెట్టేది సలోమి, నా ముందు పీట వేసుకుని చెమటలు కక్కేది సలోమి. దొరసాని చివర్లో వచ్చి వేలు పెట్టి రుచి చూసేది. మెచ్చుకోళ్ళు ఆ వేలికి వెళ్ళేవి.

తర్వాత దొరలందరూ ఒకరి తర్వాత ఒకరు ఆస్ట్రేలియా వెళ్ళిపోవడం మొదలైంది. రోడ్రిగ్స్ కుటుంబం పియానోని ఎవరికో అమ్మింది, కుక్కని పక్కింటికి ఇచ్చింది, నన్ను సలోమికి వదిలేసింది. "ఇది నీ కోసమే ఉంచాను సలోమీ" అంది దొరసాని, కళ్ళు తుడుచుకుంటూ. ఓడలో పట్టని వస్తువుల మీద మనుషులకి కలిగే ప్రేమ అది. సలోమి మాత్రం దాన్ని నిజమే అనుకుని చాలాకాలం చెప్పుకుంది. అనుకోనివ్వండి, పోయేదేముంది.

సలోమి మొగుడు జకరయ్య. నేను చూసిన మనుషుల్లో కొంచెం తక్కువ చిరాకు తెప్పించినవాడు. ఇంజన్ల షెడ్డులో పని. ఆవిరి ఇంజను బాయిలరు వేడి బయటికి పోకుండా దాని చుట్టూ మా నారనే తడిపి మెత్తి, తాళ్ళు చుట్టి, పైన రేకు తొడిగేవాడు. పాత ఇంజను మరమ్మతుకి వస్తే, ఎండిపోయిన పాత మెత్తుడుని సుత్తితో కొట్టి రాల్చేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీద, చెవుల్లో, చొక్కా మడతల్లో అంతా మా చుట్టాలే. "ఏందయ్యో, షెడ్డులో పనా, పిండి మర్లో పనా నీది?" అని సలోమి రోజూ ఎగతాళి చేసేది. ఆ ఖాకీ చొక్కాని పంచలో స్తంభానికేసి దబదబా కొట్టి దులిపేది. తెల్లగా పొగలా లేచేది. వాళ్ళ కూతురు కృపావతి ఆ పొగలో నిలబడి, తుమ్మి, తన తుమ్ముకి తనే నవ్వేది. ఇల్లాలి శుభ్రత, పిల్ల ఆట, మొగుడి కష్టం, అన్నీ ఒకే పొగలో. చూడముచ్చటైన సంసారం.

క్రిస్మస్ వారం వచ్చిందంటే నాకు ఊపిరాడేది కాదు. కాలనీలో ఓవెన్ మరొకటి లేదు. ప్రతి ఇంటివాళ్ళూ పిండి కలిపి, టిన్నులో పోసి, టిన్ను మీద బొగ్గుతో తమ గుర్తు గీసుకుని సలోమి గడప ముందు వరస కట్టేవాళ్ళు. ఒకరిది చేప, ఒకరిది చుక్క, ఒకరిది ఉత్త గీత. పార్సిలు గుమాస్తా భార్య గుడ్డు వెయ్యని కేకు తెచ్చేది. గుడ్డు కేకులు నాలోకి పోకముందే, నన్ను తడిగుడ్డతో తుడిచి, ఆమెది మొదట కాల్చాలి. మైల కదా. నన్ను తుడిచేటప్పుడు తలుపు చుట్టూ ఉన్న నార తాడు రాలి, ఆమె కేకు అంచు మీద తెల్లగా రెండు పోగులు పడేవి. ఆమె ఉఫ్ అని ఊదేసి పట్టుకెళ్ళేది. గుడ్డు వాసన తగలకుండా అంత జాగ్రత్తపడిన మనిషి, ఊదింది ఎక్కడికి పోతుందో, మళ్ళీ ఊపిరి పీల్చినప్పుడు ఎక్కడికి వస్తుందో ఒక్క క్షణం ఆలోచించలేదు.

తలుపు తాడు అరిగినప్పుడల్లా జకరయ్య షెడ్డు నుంచి కొత్త తాడు తెచ్చేవాడు. ఒకసారి నా వెనక రేకు తుప్పుపట్టి నార కుంగిపోతే, అదంతా తీసి, గుప్పెడు గుప్పెడు కొత్తది కూరాడు. తాడు కొస పట్టుకోవడం కృపావతి పని. పట్టుకున్నందుకు కూలి ఒక గారడీ. జకరయ్య అరచేతిలో నార ఉండ పెట్టుకుని దానికి అగ్గిపుల్ల అంటించేవాడు. పుల్ల కాలి నల్లబడి పడిపోయేది, నార తెల్లగా అలాగే ఉండేది.

"కాల్లేదే?" అనేది పిల్ల ప్రతిసారీ, మొదటిసారి చూస్తున్నట్టు.

"మీ నాన్న దూది అది. అగ్గి దేవుడు దిగొచ్చినా కాలదు" అనేవాడు జకరయ్య.

ఆ మాట అనేటప్పుడు అతని ముఖం వెలిగేది. తెల్లారిలేస్తే పైవాళ్ళ తిట్లు తినే మనిషికి, అగ్గిని ఓడించే వస్తువు ఒకటి చేతిలో ఉండటం ఎంత సంతోషమో నేను చూశాను. చూసి, ఎప్పటిలాగే, మనుషులకి ఎంత తక్కువ చాలో అనుకున్నాను.

దగ్గు ఎప్పుడు మొదలైందో ఎవరూ గమనించలేదు. ముందు మెట్లెక్కితే ఆయాసం, తర్వాత సైకిలు తొక్కితే, తర్వాత అన్నం తింటే. క్షయ అన్నారు, క్షయ మందులు మింగించారు. క్షయ కాదన్నారు, ఉబ్బసం మందులు మింగించారు. బీడీలు మానెయ్యమని ఒక డాక్టరు గట్టిగా కోప్పడ్డాడు. జకరయ్య జన్మలో బీడీ ముట్టలేదు. సాంబ్రాణి పొగ వెయ్యమని ఒకరు, ఉపవాస ప్రార్థన చెయ్యమని ఒకరు, చేపమందు మింగించమని ఒకరు. ఇంతమంది ఇన్ని అడిగారు కానీ, రోజూ ఏం పట్టుకుంటావు, ఏం పీలుస్తావు అని అడిగిన బుర్ర ఒక్కటీ లేదు. నేను అదే గదిలో, వాళ్ళ మోకాళ్ళ దగ్గరే ఉన్నాను. నా మీదే మందు సీసాలు పెట్టుకున్నారు.

చివరి చలికాలం అతను పడుకోలేకపోయాడు. పడుకుంటే ఊపిరి అందేది కాదు. సలోమి ఏమీ కాల్చకపోయినా సాయంత్రం పూట నన్ను కాసేపు వెలిగించేది. జకరయ్య నా పక్కన చాప మీద కూచుని, గోరువెచ్చగా ఉన్న నా పక్కకి వీపు ఆనించేవాడు. ఆ వెచ్చదనానికి వీపు కొంచెం సడలేది, దగ్గు కొంచెంసేపు ఆగేది. సలోమి అతని భుజం మీద చెయ్యి వేసి పక్కనే కూచునేది. ఎవరికి వీపు ఆనించుకున్నాడో ఆ పిచ్చివాడికి తెలియదు. ఆ ఇద్దరికీ ఆ మాత్రం సుఖం దొరికింది, అది దొరికింది నా దగ్గర. దాని గురించి ఇంతకుమించి చెప్పను. నేను రాయిని. కాలనని చెప్పాను, కాలలేదు. మిగతాదంతా వాళ్ళు ఊహించుకున్నది.

జకరయ్య పోయాడు. ఆవిరి ఇంజన్లు పోయాయి, షెడ్డు మూతపడింది. కొన్నేళ్ళకి సలోమి కూడా పోయింది. కృపావతి చర్చి వీధిలో చిన్న ఇల్లు కట్టుకుని, కుట్టుమిషను పెట్టుకుంది. గ్యాసు ఓవెన్ వచ్చింది. అదొక నాజూకు వస్తువు, దాని గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. నన్ను పంచలో పెట్టి నా మీద మంచినీళ్ళ కుండ పెట్టారు. పాత సామాన్లవాడు వచ్చి అడిగినప్పుడల్లా కృపావతి ఒకటే మాట అనేది: "ఇయ్యను పో. మా నాయన చేతులు దాంట్లో ఉండాయి."

మనుషులు మాటలు ఎంత తేలిగ్గా అంటారో.

ఇక ఈ పండగ సంగతి.

ఆ వీధిలో ప్రతి ఏడూ కృపావతి ఇంటి ముందు క్రిస్మస్ పాక కడతారు. తాటాకు కప్పు, గడ్డి, మట్టి బొమ్మలు, దాని మీద దూది మంచు. డిసెంబరులో కూడా ఉక్కపోసే ఊరు అది. వాళ్ళ తాతముత్తాతల్లో మంచు చూసినవాడు లేడు. అయినా మంచు లేకపోతే దేవుడు పుట్టడని వాళ్ళ నమ్మకం. కిందటేడు కొవ్వొత్తి తగిలి ఆ దూది అంటుకుంది. గొర్రెపిల్లలు మసిబారాయి, జ్ఞానుల్లో ఒకాయన గడ్డం పోయింది, పక్కింటి రత్నకుమారి చీరకొంగు కాలింది. ఆమె ఏడాది పొడుగునా ఆ కొంగు కథ చెప్పుకు తిరిగింది. ఈసారి మంచు ఉంటే తను గడప దాటనని ముందే ప్రకటించింది.

అప్పుడు కృపావతికి నాన్న గుర్తొచ్చాడు.

మనవరాలు కెజియా బడికి పోయిన వేళ చూసి, స్క్రూడ్రైవరు తెచ్చి నా వెనక రేకు విప్పింది. జకరయ్య కూరిన నార ఉన్నది ఉన్నట్టే ఉంది, కాస్త బూడిదరంగు తిరిగింది అంతే. దాన్ని గుప్పిళ్ళతో లాగి, పరుపు దూదిని విడదీసినట్టు వేళ్ళతో విడదీసి, చాట నిండా పోసింది. పని చేస్తూ కృపావతి కళ్ళు తుడుచుకుంది. అది ధూళికో, తండ్రి జ్ఞాపకానికో నాకు తెలియదు. ఖాళీ అయిన నన్ను బోర్లించి, ఖాకీ కాగితం కప్పి, బెత్లెహేము కొండ చేశారు. కొండ మీద పాక, పాక మీద మంచు. నాలోంచి తీసినదాన్ని నా మీదే పరిచారు. మిగిలింది కెజియా కోసం చాటలోనే ఉంచారు. కెజియా దేవదూత. ఏడేళ్ళ పిల్ల, అట్టముక్క రెక్కలు. పాటల గుంపు వీధిలోకి రాగానే స్టూలు మీద నిలబడి పాడుతూ, గుప్పిళ్ళతో మంచు అందరి మీదా చల్లాలి. ఆలోచన ఎవరిదో కానీ, జకరయ్య ముప్పై ఏళ్ళలో పీల్చింది ఒక వీధి మొత్తానికి ఒక్కరోజులో పంచే ఏర్పాటు అది.

పండగ ముందురోజు మధ్యాహ్నం దేవసహాయం మాస్టారు వచ్చాడు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. ఆయన భార్య ప్రతి ఏడూ పాకలోకి ఒంటె బొమ్మలు ఇచ్చేది. ఆమె పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆయన ఆ ఒంటెల్ని ఆమె పాత చీర ముక్కలో చుట్టుకుని, ఒక్కొక్కదాన్నే బయటికి తీసి, నెమ్మదిగా నిలబెట్టాడు. ఒంటె కాలికి విరిగిన చోట ఆమె అంటించిన లక్క కనపడితే దాని మీద వేలితో ఒకసారి నిమిరాడు. బొమ్మ ఒంటెని నిమిరే మనిషిని నేనేం గౌరవిస్తాను? అప్పుడే ఆయన వేలికి నా నార తగిలింది.

"ఇది ఏం దూదమ్మా?" అన్నాడు.

కృపావతి ముఖం జకరయ్య ముఖంలా వెలిగింది. "చూస్తుండండి సార్" అని అరచేతిలో ఉండ పెట్టుకుని అగ్గిపుల్ల గీసింది. పుల్ల నల్లబడింది, ఉండ తెల్లగా ఉంది. "మా నాయన దూది. షెడ్డులోది. అగ్గి దేవుడు దిగొచ్చినా కాలదు."

అదే మాట, అదే గర్వం. మాస్టారు తన వేలికి అంటిన పోగుని చూసి, చెయ్యి దూరంగా పెట్టుకున్నాడు. ఈలోగా కెజియా రెక్కలు కట్టుకుని పరిగెత్తుకొచ్చింది, తను ఎలా చల్లుతుందో చూపిస్తానని చాటలో రెండు చేతులూ పెట్టింది.

"పాపా, అట్టే ఉండు. ఎగరెయ్యబాక" అన్నాడు మాస్టారు. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచడం ఆ ఊళ్ళో ఎవరూ విని ఉండరు. "నువ్వు రాయివి ఇప్పుడు. కదలకూడదు. ఊపిరి కూడా మెల్లగా తియ్యాల."

పిల్ల ఆట అనుకుని బిగుసుకుపోయింది. మాస్టారు పంచలో ఉన్న బిందె ఎత్తాడు. ముందు చాటలోకి, పిల్ల చేతుల మీదుగా మెల్లగా నీళ్ళు పోశాడు. తర్వాత మిగతా బిందెడూ పాక మీద, మంచు మీద, గొర్రెల మీద, తన భార్య ఒంటెల మీద, కొండనైన నా మీద కుమ్మరించాడు. రంగులు కారాయి. మరియమ్మ నీలం ముసుగు యోసేపు మీదికి పారింది.

వీధి వీధంతా వచ్చేసింది. నిప్పంటుకున్నప్పుడు కూడా ఇంత తొందరగా రాలేదు. రోజుల తరబడి కట్టిన పాక, మతి ఉండి చేసిన పనేనా, పండగపూట ఇదేం అన్యాయం అని తలా ఒక మాట. రత్నకుమారి నడుం మీద చెయ్యి వేసుకుని, అందరికీ వినపడేలా, "పెళ్ళాం పోయినకాణ్ణించి సార్‌కి బుర్ర కుదురుగా లేదులేమే. ఎవురూ ఏం అనబాకండి పాపం" అంది.

ఆయన ఆ మాట విన్నాడు. విని, తల వంచుకుని, కెజియా చేతుల్ని తన రుమాలు తడిపి తుడుస్తూ ఉన్నాడు. ఎవరో చీపురు తెచ్చి ఊడవబోతే మాత్రం లేచి చీపురు పట్టుకున్నాడు. ఊడిస్తే లేస్తుంది, తడిగుడ్డతోనే తియ్యాలి, అందరూ కొంచెం దూరం పొండి అని బతిమాలాడు. వాళ్ళు నవ్వుకుంటూ, తిట్టుకుంటూ పోయారు. ఏమైందని అడగకుండా తిట్టడం వాళ్ళకి మొదటినుంచీ అలవాటే.

కృపావతి మాత్రం పోలేదు. ఆమె అడిగింది.

ఇదేమిటో చెప్పడం మాస్టారుకి కష్టం కాదు, పాఠం లాంటిదే. అది చెబితే ఇంకొకటి కూడా చెప్పినట్టవుతుంది. అది ఆయనకి తెలుసు. పంచలో మెట్టు మీద కూచుని, కళ్ళజోడు తుడుచుకుని, ఇది రాతినార అని, కదిలించకుండా మూసి ఉంచితే ఊరుకుంటుందని, విడదీస్తే కంటికి కనపడని పోగులై ఊపిరిలోకి పోతుందని చెప్పాడు. పోయింది కరగదు, బయటికి రాదు. ఊపిరితిత్తుల్ని మెల్లగా గట్టిపరుస్తుంది. ఏళ్ళూ పూళ్ళూ గడిచాక గానీ బయటపడదు.

కృపావతి నా వైపు తిరిగింది. కాగితం తడిసి చిరిగి, ఇత్తడి బిళ్ళ బయటపడింది.

"అయితే మా నాయన దగ్గు..." అని ఆగిపోయింది.

"అవునమ్మా. దీనివల్లే అయ్యుంటది."

"బీడీలు తాగబట్టే అన్నాడు సార్ ఆ డాక్టరు. తాగడని మా అమ్మ ఏసుప్రభు మీద ఒట్టేసినా నమ్మలా. మా నాయన అబద్ధం చెప్తుండాడనుకున్నాడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అబద్ధం కాదు గదా?"

"కాదు. ఆయన నిజమే చెప్పినాడు."

అంతవరకూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. చచ్చిపోయి ఇన్నేళ్ళైన మనిషి అబద్ధమాడలేదని తెలిస్తే ఏం ఒరుగుతుందో నాకు అర్థం కాదు. కానీ ఆమె ముఖం మీంచి ఏదో బరువు దిగినట్టయింది, అది మాత్రం చూశాను. తర్వాత తన చేతులు తిప్పి చూసుకుంది. చిన్నప్పుడు తాడు కొస తనే పట్టుకున్నానని, ఇప్పుడు చాటలో విడదీసింది కూడా తనేనని మెల్లగా చెప్పింది. మాస్టారు అబద్ధం చెప్పలేదు, బెదిరించనూ లేదు. తగిలిన అందరికీ జబ్బు రాదని, పండగ కాగానే నెల్లూరు తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయిస్తానని, ఏడాదికోసారి చూపించుకుంటే చాలని అన్నాడు. సలోమి స్తంభానికేసి కొట్టిన చొక్కాల సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తబోయి మానుకున్నట్టు నాకు అనిపించింది.

ఆ తర్వాత నా అంత్యక్రియలు. పిల్లని పక్కవీధికి పంపి, ముఖాలకి తడిగుడ్డలు కట్టుకుని, గిన్నెలు తోమే గ్లవుజులు తొడుక్కుని, తడినారనంతా మళ్ళీ నా పొట్టలోకే తోసి, రేకు బిగించి, పైన చెప్పిన విధంగా చుట్టారు. పంచంతా తడిగుడ్డలతో తుడిచి, ఆ గుడ్డల్ని కూడా నాతోనే కట్టేశారు. మధ్యలో పాత ఇనుప సామాన్లవాడు బండి ఆపాడు.

"ఇచ్చెయ్ సార్. సుత్తితో రెండు దెబ్బలేస్తే రేకు రేకు, రాగి రాగి. చిటికెలో పని."

"నువ్వు కొట్టబాక. ఎవురు చెప్పినా ఇట్టాటిది కొట్టబాక" అన్నాడు మాస్టారు, ఎందుకో కూడా వివరించాడు.

"పెట్టెకి భయపడే సార్‌ని ఇప్పుడే చూస్తుండా" అని వాడు నవ్వుకుంటూ పోయాడు. మునిసిపాలిటీ ఆఫీసుకి ఫోను చేస్తే, చెత్తబండిలో వేసెయ్యమన్నారు. కాలుష్య నియంత్రణ ఆఫీసులో పనిచేసే పాత శిష్యుడొకడు చివరికి పండగ తర్వాత లారీ పంపుతానన్నాడు. ఇదంతా జరుగుతున్నంతసేపూ వాళ్ళ నెత్తి మీద ఉన్న పంచ కప్పు సిమెంటు రేకులే. నా చుట్టాలే. మాస్టారు ఒకసారి తలెత్తి చూసి, దాన్ని విరగ్గొట్టకుండా, రంధ్రాలు వెయ్యకుండా ఉంచుకోమని చెప్పి ఊరుకున్నాడు. ఆయన ఇంటి మీద కూడా అవే రేకులని నాకు తెలుసు. జ్ఞానం వచ్చినా మనిషికి వేరే కప్పు రాదు.

సాయంత్రానికి పాక మళ్ళీ లేచింది, రెండు స్టూళ్ళ మీద. కెజియా రెక్కలు కట్టుకుని బిక్కమొహం వేసుకుని కూచుంది. మంచు లేకపోతే దేవదూత ఏం చల్లాలని ఏడుపు. కృపావతి లోపలికి వెళ్ళి బొరుగుల డబ్బా తెచ్చి చాటలో బోర్లించింది. తెల్లగా, తేలిగ్గా ఉన్నాయి. పిల్ల గుప్పెడు ఎగరేసి చూసి, రెండు నోట్లో వేసుకుని, పరవాలేదన్నట్టు తల ఊపింది. చీమలు పడతాయని రత్నకుమారి గోడ అవతలనుంచి అరిచింది. అరిచి, గడప దాటి వచ్చి ముందు వరసలో నిలబడింది.

పాటల గుంపు వచ్చింది. బొరుగులు కురిశాయి. పెద్దా చిన్నా దేవుడి మంచుని నేలమీద నుంచి ఏరుకుని తిన్నారు. ఇంతకన్నా దిగజారిన బెత్లెహేముని నేను ఊహించలేను. పాట చివర్లో ఒక పొడుగు రాగం ఉంది. పెద్దవాళ్ళు ఒక్కొక్కళ్ళే ఊపిరి చాలక మధ్యలో ఆగిపోయారు. మాస్టారు ఆగిపోయాడు. రత్నకుమారి ఆగిపోయింది. పిల్ల ఒక్కతే ఆపలేదు.

కృపావతి అప్పుడు పంచలో నా పక్కన కూచుని ఉంది. జకరయ్య ఆనుకున్న వైపే, ప్లాస్టిక్ మీద, ఆమె వీపు ఆనింది. నాలో వెచ్చదనం ఏమీ లేదు, తడిగా చల్లగా ఉన్నాను. ఆమె మాత్రం లేవలేదు. పిల్ల రాగం సాగుతున్నంతసేపూ తన ఊపిరి బిగబట్టింది. ఆ వీపు కదలకపోవడం నాకు తెలిసింది. రాగం నిండుగా, దగ్గు లేకుండా, చివరిదాకా వెళ్ళి దానంతటదే ఆగాక, కృపావతి గాలి వదిలింది.

మనుషుల మీద నా అభిప్రాయం మారలేదు. లారీ వస్తుంది, ఎక్కడో గుంత తవ్వి పూడుస్తారు, నేను అక్కడ కూడా కాలను, కుళ్ళను, కరగను. వీళ్ళంతా పోయాక కూడా ఉంటాను. కానీ ఊపిరి అంత పొడుగ్గా సాగడం ఆ ఇంట్లో నేను వినడం అదే మొదలు. ఆ ఊపిరిలో నేను ఎంత ఉన్నానో నాకు తెలియదు. లేననే అనుకుంటున్నాను.

ఉన్నా, చాలా కొంచెం.